పెద్దావిడతో, పిల్లలతో గండికోట: కర్నూలు నుంచి మూడు రోజులు, ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి?

బురుజు వీధి (కర్నూలు) · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదివి పోవడమే గాని ఇక్కడ రాయడం ఇదే మొదలు. డిసెంబరు రెండో వారంలో శుక్రవారం తెల్లారి బయలుదేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. ఆరుగురం: నేను, మా ఆయన, మా అత్త (68 ఏండ్లు, మోకాళ్ళ నొప్పి, కానీ గుడి అంటే కొండైనా ఎక్కుతుంది), పిల్లలిద్దరు (13, 9), బెంగళూరు నుంచి మా మరిది. సొంత కారే.

నేను రాసుకున్నది ఇదీ. శుక్రవారం యాగంటి, బెలుం గుహలు, రాత్రికి గండికోట. శనివారం పొద్దున కోట చూసుకొని పుష్పగిరి, ఒంటిమిట్ట, రాత్రి కడపలో బస. ఆదివారం తాడిపత్రి గుళ్ళు, లేపాక్షి, ఇల్లు. ఏమైనా వదిలేసినానా?

తాడిపత్రి పిల్లోడు · సోమవారం, రాత్రి 9:31

అక్కా, ఇది టూరా, ఎలక్షన్ ప్రచారమా? లేపాక్షి యాడుండాదో మ్యాపులో చూసినారా? హిందూపురం పక్కన. కడప నుంచి తాడిపత్రికి వచ్చి, ఆడి నుంచి లేపాక్షి పోయి, మళ్ళా కర్నూలు రావాలంటే ఆదివారమంతా మీకు కనిపించేది హైవే డివైడరు ఒకటే. మీరు వదిలేసింది ఒకటే ఉండాది, నిద్ర.

పెన్నేటి గట్టు (జమ్మలమడుగు) · సోమవారం, రాత్రి 10:05

పిల్లోడు ఎగతాళి చేసినా మాట నిజమేనమ్మా. నేను పుట్టి పెరిగింది ఇక్కడే, గండికోటకు మా ఊరి నుంచి 15 కిలోమీటర్లు. ఇరవై ఏండ్లుగా చూస్తాన్నా. బస్సులు వస్తాయి, జనం దిగుతారు, మసీదు వెనక బండల మీదికి ఉరుకుతారు, సెల్ఫీ తీసుకుంటారు, నలభై నిమిషాల్లో మళ్ళా బస్సెక్కుతారు. ఆ నలభై నిమిషాలూ చానావరకు మిట్టమధ్యాన్నమే! నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కోట కింది పెన్న లోయ చప్పగా, తెల్లగా కనిపిస్తుంది. ఎర్రరాయి ఎర్రగా కనపడాలంటే పొద్దు పొడిచేటప్పుడన్నా ఉండాల, పొద్దు గూకేటప్పుడన్నా ఉండాల.

నా మాట వింటే రెండు రాత్రులూ గండికోటలోనే పడుకోండి. టూరిజం వాళ్ళ (ఏపీటీడీసీ) హరిత హోటల్ ఉండాది, పెద్దావిడకు అదే మేలు. శని, ఆదివారాలు ముందే బుక్ చేసుకోకపోతే దొరకదు. రెండు రాత్రులు ఏంటికంటే, డిసెంబరులో ఒక పొద్దున మంచు కమ్మితే ఏమీ కనపడదు. రెండో పొద్దున చేతిలో ఉంటే ఆ దిగులు లేదు.

కోటలో ఏమి చూడాలనేది పెద్ద లిస్టు కాదు. మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, కారాగారం, కత్తుల కోనేరు, రాయలచెరువు, పావురాల గోపురం (మావోళ్ళు దాన్నే చార్‌మినార్ అంటారు). ఇవన్నీ కోట లోపలే, నడిచే దూరంలోనే. లోపల ఊరు కూడా ఉండాది, మనుషులు కాపురాలు చేస్తాన్నారు. ఇండ్ల ముందర ఫోటోలు తీసేటప్పుడు ఒక మాట అడగండి.

బురుజు వీధి · సోమవారం, రాత్రి 10:40

సరే, లేపాక్షి తీసేసినా. పిల్లోడా, నవ్వుకో. కానీ ఒంటిమిట్ట తీసేస్తే మా అత్త నన్ను ఇంట్లోంచి తీసేస్తుంది. ఇంత దూరం పోయి రాముణ్ణి చూడకుండా వస్తామా అంటుంది.

పాత కాగితాలు (కడప) · మంగళవారం, ఉదయం 6:20

అమ్మా, మీ అత్తగారికి నా మాటగా ఇది చెప్పండి. ఒంటిమిట్టకు శ్రీరామనవమి ఉత్సవాలప్పుడు రావాలి. అక్కడ సీతారామ కల్యాణం రాత్రిపూట, పండు వెన్నెల్లో చేస్తారు. రాష్ట్రం విడిపోయినాక ప్రభుత్వ లాంఛనాలతో జరుగుతోంది. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు, హనుమంతుడు ఉండడు. ఆ గుడిని పరుగు మీద చూడడం పెద్దావిడకు కూడా తృప్తినివ్వదు. కడప దాకా వచ్చినప్పుడు పుష్పగిరి, దేవుని కడప, తాళ్ళపాక, పెద్ద దర్గా అన్నీ కలిపి వేరే ప్రయాణంగా పెట్టుకోండి.

ఇక గండికోట సంగతి. విజయనగర కాలంలో అది పెమ్మసాని నాయకుల సీమ. మీరు ఆదివారం చూడబోయే తాడిపత్రి గుళ్ళు కూడా ఆ వంశం వాళ్ళు కట్టించినవే. కోటనూ ఆ గుళ్ళనూ ఒకే ప్రయాణంలో చూడడంలో అర్థం అదీ. పదిహేడో శతాబ్ది మధ్యలో గోల్కొండ సుల్తాను తరఫున మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి మీర్ జుమ్లాను కలవడానికి గండికోటకు వచ్చి, చూసింది రాసిపెట్టాడు. అక్కడ ఫిరంగులు పోతపోయించడానికి ఇంకో ఫ్రెంచివాణ్ణి కొలువులో పెట్టుకున్నారనీ, లోహం కోసం గుళ్ళ నుంచి విగ్రహాలు తెప్పించారనీ రాశాడు. ఇప్పుడు మాధవరాయస్వామి గుడిలో గోపురం ఉంది, మండపాలు ఉన్నాయి, మూర్తి మాత్రం లేడు. లోపలికి పోయి ఒట్టి గర్భగుడి ముందు నిలబడినప్పుడు ఈ మాట గుర్తొస్తే పెద్దావిడతో నెమ్మదిగా చెప్పండి. దండం పెట్టుకోవడానికి పోయిన మనిషి కదా, ముందే తెలియడం మంచిది.

బేనీషా (బనగానపల్లె) · మంగళవారం, ఉదయం 8:02

అందరూ తీసెయ్, తీసెయ్ అంటున్నారు గాని యాగంటి మాత్రం తీసెయ్యకండక్కా. మీ దారిలోనే ఉంది. ఐదున్నరకు బయలుదేరితే ఎనిమిదికల్లా యాగంటిలో ఉంటారు. కోనేట్లో నీళ్ళు ఏడాది పొడుగునా వస్తుంటాయి. మీ అత్తగారు స్నానం చేస్తానంటే అడ్డం చెప్పకండి. పిల్లలకు నంది కథ ఉంది, ఏటేటా పెరుగుతున్నాడని. కాకులు రావని అగస్త్యుడి శాపం కథ ఉంది. మా మేనల్లుడు కాకి కోసం గంట సేపు ఆకాశం చూసినాడు, మేము ప్రశాంతంగా దర్శనం చేసుకున్నాం.

బెలుంకు వస్తే, గుహలు పొద్దున పదికి తెరుస్తారు, సాయంత్రం ఐదుకు మూస్తారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని పోనిచ్చేది అందులో ఒకటిన్నర కిలోమీటరు దాకా. లోపల చల్లగా ఉంటుందని అనుకుంటారు, కాదు. ఉక్కపోత. గాలి కోసం పైపులు పెట్టినారు, అయినా చెమట కారుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆలోచించుకోవాల. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి మొదటి సగం ఫరవాలేదు. పాతాళగంగ అన్నిటికన్నా లోతు, 150 అడుగులు, ఆ మెట్లు దిగడం కాదు, ఎక్కడం కష్టం. పెద్దావిడ తోడు ఒకరు కోటిలింగాల దగ్గర (లింగాల మాదిరి రాళ్ళుండే చోటు) ఆగిపోండి. అదే ఆమెకు నచ్చేది కూడా.

బండలోడు · మంగళవారం, మధ్యాహ్నం 1:15

భూగర్భశాస్త్రం చదువుకున్న పాపానికి నేనూ ఒక మాట చెప్పుకోవాల. మీ పదమూడేండ్ల పిల్లకో, పిల్లోడికో ఇది చెప్పండి. మీరు చేసేది ఊళ్ళ ప్రయాణమే కాదు, రాళ్ళ ప్రయాణం కూడా.

మన జిల్లా పేరు మీద కడప బేసిన్ అని ప్రపంచమంతా చదువుకుంటారు. నూట యాభై కోట్ల ఏండ్లకు పైబడిన సముద్రాల అడుగు అది. అందులో పొరలకు మన ఊళ్ళ పేర్లే పెట్టినారు: పులివెందుల క్వార్ట్‌జైట్, తాడిపత్రి షేలు, దాని మీద గండికోట క్వార్ట్‌జైట్. ఈ మూడూ ఉండే గుంపు పేరు చిత్రావతి. ఆ చిత్రావతి ఏరు గండికోట దగ్గరే పెన్నలో కలుస్తుంది. గండికోట రాయి ఇసుక గట్టిపడి, ఇంకా గట్టిపడి అయినది. అందుకే గోడలు నిట్టనిలువుగా, అటుకు మీద అటుకు పేర్చినట్టు నిలబడినాయి. కింద షేలు, అంటే బురద గట్టిపడిన రాయి, మెత్తన. మెత్తది నలిగిపోయే కొద్దీ మీది గట్టి బండ చదరంగా విరిగి పడుతుంది. మీరు బండల మీద కూచొని చూస్తే ఆ చదరాలు కనపడతాయి, ఎవరో ఉలితో కొట్టినట్టు.

బెలుం పొర వేరే. అది నార్జి సున్నపురాయి, కర్నూలు గుంపులోది. నార్జి అంటే మన ఊరే. నీళ్ళు సున్నపురాయిని కరిగిస్తాయి గనుక అక్కడ గుహ, క్వార్ట్‌జైటును కరిగించలేవు గనుక ఇక్కడ గండి. ఒకే రోజు రెండూ చూస్తారు మీరు.

ఇంకొకటి. గండికోటను ఫలానా దేశంలోని లోయతో పోల్చి 'ఇండియా ఫలానా' అని పిలిచే అలవాటు నాకు ఒళ్ళు మంట. కొండను ఏరు తెంచుకొని పోయిన చోటును గండి అనే మాట మనకు ఉండనే ఉంది, కోట పేరే అది. అరువు పేరు ఎందుకు?

తాడిపత్రి పిల్లోడు · మంగళవారం, మధ్యాహ్నం 1:40

సార్, మా ఊరి పేరు రాయికి ఉందని ముప్పై ఏండ్లకు ఈరోజు తెలిసింది. మేము దాన్ని అరుగులకు పరుస్తామనే అనుకున్నా.

బండలోడు · మంగళవారం, మధ్యాహ్నం 1:52

నువ్వు అరుగుకు పరిచేది ఎక్కువ భాగం నాపరాయి నాయనా, అది సున్నపురాయి. బెలుం చెల్లెలు.

వలస పక్షి (బెంగళూరు) · మంగళవారం, రాత్రి 11:08

మీ మరిది బెంగళూరు అంటున్నారు కదా, టెంట్ కావాలంటాడు చూడండి. ప్రైవేటు టెంట్లు దొరుకుతాయి. మేము పోయిన ఏడు పోతే పక్క టెంటు వాళ్ళు రాత్రి రెండు దాకా స్పీకరు. ఎవరిని ఏమని తిట్టాల? పెద్దావిడ ఉంటే టెంట్ వద్దు.

అసలు విషయం ఇది. ఆ బండల అంచున కంచె లేదు. తొమ్మిదేండ్ల పిల్లోడు అంటున్నారు, చెయ్యి వదలకండి. బండలు నున్నగా ఉంటాయి, పొద్దున మంచుకు తడిస్తే జారుతాయి. గాలి ఒక్కసారిగా కొడుతుంది. ఫోటో కోసం వెనక్కి అడుగు వేసేవాళ్ళను చూస్తే నాకు కడుపులో దేవినట్టు అవుతుంది.

పెన్నేటి గట్టు · బుధవారం, ఉదయం 5:50

బాగా చెప్పినావబ్బా. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. జమ్మలమడుగులోనే పెట్రోలు, డబ్బులు, మందులు అన్నీ చూసుకోండి. కోటలో సిగ్నలు వచ్చి పోతుంటుంది. నీళ్ళు మోసుకపోండి. కోతులుండాయి, అరటిపండ్లు చేతిలో పట్టుకోని నడవద్దు.

ముద్దనూరు టేసను · బుధవారం, ఉదయం 7:30

కారు లేనోళ్ళ కోసం ఒక ముక్క, రేపు ఎవరన్నా ఇది చదువుతారు. గుంతకల్లు, రేణిగుంట లైనులో తాడిపత్రి, కొండాపురం, ముద్దనూరు, ఎర్రగుంట్ల, కడప వరసగా వస్తాయి. గండికోటకు ముద్దనూరులో దిగి ఆటో మాట్లాడుకోవాల, పాతిక కిలోమీటర్ల పైన. ఎర్రగుంట్ల, నంద్యాల లైనులో జమ్మలమడుగుకు కూడా రైలుంది, కానీ బండ్లు తక్కువ.

ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళ అని ఊరు. క్రీ.శ. 575 నాటి శాసనం అక్కడిదే, రేనాటి చోళుడు ధనంజయుడిది. తెలుగులో దొరికిన మొట్టమొదటి శాసనం. గండికోట నుంచి పెద్ద దూరం కాదు. ఎవ్వరూ పోరు.

సంగటి ముద్ద · బుధవారం, ఉదయం 9:00

తిండి గురించి ఒక్కరన్నా రాసినారా? రాళ్ళు, శాసనాలు, ఫిరంగులు! పొద్దున బనగానపల్లె దగ్గర ఉగ్గాని, బజ్జీ తినండి. గండికోట హోటల్లో ముందే చెప్తే రాగి సంగటి, నాటుకోడి చేస్తారు, చెప్పకపోతే ఎగ్ ఫ్రైడ్ రైసే గతి. కారం దోశ కడప వైపు బాగుంటుంది, మీరు అటు పోవట్లేదు, మీ ఖర్మ.

మునిగిన ఊరు · బుధవారం, రాత్రి 10:47

చదువుతున్నా రెండు రోజుల నుంచి. అందరూ లోయలో నీళ్ళు బాగుంటాయంటున్నారు. బాగుంటాయి, కాదనను. మసీదు వెనక నుంచి కనిపించే నీళ్ళు కింది మైలవరం డ్యాము వెనక్కి తన్నే నీళ్ళు. పైన, పడమట ఇంకో డ్యాము ఉండాది, గండికోట జలాశయం, 26.85 టీఎంసీలు. గాలేరు నగరి పథకంలోది. అది నిండితే కింద కొన్ని ఊళ్ళు ఉంటాయి. అందులో ఒకటి మాది. పేరు రాయను.

కోపం కాదు. సీమకు నీళ్ళు వద్దు అనే మనిషి యాడుంటాడు? నాయన బావిలో పూడిక తీసి తీసి నడుము పోగొట్టుకున్నాడు. ఆ నీళ్ళే వచ్చినాయి, మా ఇంటి మీదికే వచ్చినాయి.

అక్కా, మీరు ఆదివారం తాడిపత్రికి కొండాపురం వైపు రోడ్డులోనే పోతారు. నీళ్ళు కొంచెం తగ్గి ఉంటే ఒక చోట ఓవర్‌హెడ్ ట్యాంకు నెత్తి కనిపిస్తుందంటున్నారు. నేను హైదరాబాదులో ఉంటున్నా, చూడక చానా రోజులైంది. కనిపిస్తే ఒక ఫోటో పెట్టండి.

బురుజు వీధి · బుధవారం, రాత్రి 11:20

తప్పకుండా పెడతాను అన్నా. మా అమ్మగారి వైపు వాళ్ళ ఊరూ శ్రీశైలం డ్యాములో మునిగిందే. మా అమ్మమ్మ చచ్చేదాకా ఆ ఊరి పేరే చెప్పుకునేది అడ్రసు అడిగితే.

చివరికి తేలింది: శుక్రవారం యాగంటి, బెలుం, గండికోట. శనివారం పూర్తిగా గండికోట. ఆదివారం పొద్దు చూసి తాడిపత్రి, గుత్తి మీదుగా ఇల్లు. ఒంటిమిట్ట నవమికి. అత్త ఒప్పుకుంది, వెన్నెల మాట పని చేసింది. పాత కాగితాలు పెద్దాయనకు దండాలు.

తాడిపత్రి పిల్లోడు · గురువారం, ఉదయం 8:15

తాడిపత్రికి పదకొండు లోపల రండి అక్కా, మధ్యాన్నం గుడి మూస్తారు. ముందు ఏటి గట్టున బుగ్గ రామలింగేశ్వరుడు. లింగం కింద ఊట ఎండదు, బుగ్గ అంటే అదే. రాజగోపురాలు సగంలో ఆగిపోయినాయి, కానీ ఆ సగం మీదే ఉండే చెక్కడం చూడండి, పూర్తయిన గుళ్ళ మీద ఉండదు. తర్వాత చింతల వెంకటరమణుడు. స్వామి చింతచెట్టు తొర్రలో దొరికినాడంటారు. ఆడ రాతి రథం ఉండాది. పిల్లలకు గోడల మీద రామాయణం వెతికే పని పెట్టండి, మీరు గంట సేపు హాయిగా కూర్చోవచ్చు.

బురుజు వీధి · (పద్దెనిమిది రోజుల తర్వాత) సోమవారం, రాత్రి 8:30

పోయి వచ్చినాం. కాళ్ళు ఇంకా నొప్పిగానే ఉన్నాయి, నావి. అత్తవి బాగున్నాయి!

యాగంటిలో ఆమె కోనేట్లో మునిగి వచ్చేసరికి తొమ్మిదైంది. బెలుంలో కోటిలింగాల దగ్గర కూర్చోబెట్టి మేము పాతాళగంగ దాకా పోయి వస్తే, ఆమె చుట్టూ ఇంకో నలుగురు పెద్దవాళ్ళు చేరి భజన మొదలుపెట్టినారు. గైడు వద్దనలేక నవ్వుతున్నాడు. నీటిచుక్క ఒక్కొక్కటిగా శివుణ్ణి చేసుకుందంట, మనిషి చేతి అవసరమే పడలేదంట, వచ్చేదాకా అదే మాట. బండలోడు గారూ, కాల్షియం అని చెప్పబోయిన మా పెద్దదాన్ని నేను గిల్లినాను, క్షమించండి.

పెన్నేటి గట్టు అన్న చెప్పినట్టే అయింది. శనివారం పొద్దున మంచు. లోయ ఉండాల్సిన చోట తెల్లటి దూది. మా మరిది 'ఇందుకా బెంగళూరు నుంచి వచ్చింది' అన్నాడు. ఏడున్నరకు ఆ దూది ముక్కలు ముక్కలుగా చీలి, ముందు అవతలి గోడ అంచు కనపడింది, తర్వాత నడుము, చివరికి అడుగున నీళ్ళు. ఎవ్వరం మాట్లాడలేదు. ఆదివారం ఆకాశం శుభ్రంగా ఉంది, పొద్దు చక్కగా పొడిచింది, ఫోటోలన్నీ ఆ రోజువే. కానీ ఇంట్లో అందరూ చెప్పుకునేది శనివారం గురించే.

మాధవరాయస్వామి గుడిలో అత్తకు ముందే చెప్పి తీసుకపోయినాను. ఒట్టి గర్భగుడి ముందు కాసేపు నిలబడి, గడప మీద రెండు పూలు పెట్టి వచ్చింది. తర్వాత మసీదు మెట్ల మీద కూర్చొని మాత్ర వేసుకుంది. ధాన్యాగారంలో పిల్లలు అరిచి అరిచి వాళ్ళ గొంతు వాళ్ళే విన్నారు. మా ఆయన టోపీ లోయలోకి పోయింది. మనిషి పోలేదు, చాలు.

ఒక్క చేదు. ఆదివారం పొద్దున బండల సందుల్లో బీరు సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు. మా చిన్నోడు ఒక కవరు నింపినాడు. వెయ్యడానికి డబ్బా దగ్గర్లో కనపడక కారులో తాడిపత్రి దాకా తెచ్చినాం.

మునిగిన ఊరు అన్నా, మీ ఫోటో పెడుతున్నా. కారు ఆపి దిగినాం. నీళ్ళు బాగా ఉన్నాయి, కానీ దూరంగా గుండ్రటి ట్యాంకు నెత్తి, దాని మీద రెండు కొంగలు. మా మరిది జూమ్ చేసి తీసినాడు.

సంగటి ముద్ద · సోమవారం, రాత్రి 8:41

సంగటి దొరికిందా?

బురుజు వీధి · సోమవారం, రాత్రి 8:44

ముందే చెప్పినాం, దొరికింది. నాటుకోడి మాత్రం మా మరిది ఒక్కడే తిన్నాడు, మాకు మిగల్చలేదు.

మునిగిన ఊరు · సోమవారం, రాత్రి 11:58

చూసినా అక్కా. చానా సేపు చూసినా. అది మా ఊరి ట్యాంకు కాదు. మాది చదరం. ఇది పక్క ఊరోళ్ళది, దాని కింద మా మేనత్త ఇల్లుండేది. ఆమెకు పంపించినా.